మీ ఊరి దేవుని కథ ఎక్కడ పుట్టిందో వెతకడం ఎలా

వరంగల్ పక్కన ఐనవోలు మల్లన్న జాతరలో బోనాల వరుస పక్కన నిలబడి ఉంటే మా మేనల్లుడు ఒక ప్రశ్న వేశాడు. "మల్లన్న అంటే శివుడే కదా మామా, మరి పార్వతి ఏది? ఈ మేడలమ్మ, కేతమ్మ ఎవరు?" నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పటి నుంచి పసుపు బండారి నుదుటికి పెట్టుకుంటున్నాను తప్ప ఎప్పుడూ అడగాలని తోచలేదు. ఆ రాత్రి ఫోన్‌లో వెతికితే నాలుగు చోట్ల నాలుగు కథలు, నాలుగూ "పురాణాల్లో ఉంది" అనే అంటున్నాయి, ఏ పురాణం, ఎన్నో అధ్యాయం అంటే మాత్రం ఒక్కరూ చెప్పరు. అట్లా మొదలైంది ఈ పని. నేను ప్రొఫెసర్‌ను కాను, వారమంతా వేరే ఉద్యోగం, ఆదివారాలు మాత్రం ఇదే పిచ్చి. నేను చేసిన తప్పులు, నాకు దొరికిన దార్లు చెప్తాను, మీ ఊరి గుడికి వాడుకోండి.

ముందు ప్రశ్న మార్చుకోండి

"ఇది నిజంగా జరిగిందా" అని మొదలుపెడితే రెండో రోజుకే ఇంట్లో గొడవ, మూడో రోజుకు గుడి దగ్గర గొడవ. పైగా ఆ ప్రశ్నకు జవాబు ఏ లైబ్రరీలోనూ దొరకదు. దొరికేది వేరే: ఈ కథ ఈ రూపంలో మొదట ఎక్కడ కనపడుతుంది, ఎవరు ఎవరికి చెప్తున్నారు, ఎప్పుడు చెప్తున్నారు, మధ్యలో ఏం చేరింది, ఏం జారిపోయింది. ఇవి అడిగితే పూజారీ మాట్లాడతాడు, డోలు మీద మల్లన్న కథ చెప్పే ఒగ్గు పూజారీ మాట్లాడతాడు, నాస్తికుడైన మీ బాబాయి కూడా కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు.

దీనికి మత్స్యావతారం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. జలప్రళయం వస్తుందని ఒక చేప మనువుకు ముందే చెప్పి, కొమ్ముకు పడవ కట్టించుకుని లాక్కుపోయే కథ వేదకాలపు గ్రంథం శతపథ బ్రాహ్మణంలోనే ఉంది. కానీ అక్కడ ఆ చేప ఎవరో చెప్పలేదు, అది చేప, అంతే. మహాభారతం అరణ్యపర్వానికి వచ్చేసరికి అదే చేప "నేను ప్రజాపతి బ్రహ్మను" అంటుంది. మత్స్యపురాణంలో విష్ణువు అవుతుంది. మనకు తెలిసిన దశావతారాల చేప ఈ మూడో చేప. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఒకే కథ మూడు ఇళ్లలో పెరిగింది. మీ ఊరి కథలో కూడా ఇట్లాంటి పొరలు ఉంటాయి, వాటిని ఒక్కొక్కటిగా విప్పడమే మీ పని.

ఒకే కథ, ఒకే నోట్‌బుక్

"హిందూ పురాణాల మూలాలు" అని అట్ట మీద రాసుకుని మొదలుపెట్టకండి. నేను అట్లాగే రాసుకున్నాను, ఆ నోట్‌బుక్ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఒక గుడి, ఆ గుడిలో ఒక కథ, వీలైతే ఆ కథలో ఒక్క సంగతి. నాకైతే "మల్లన్నకు ఇద్దరు భార్యలు ఎందుకు" అన్నదే. లాంగ్ నోట్‌బుక్ తీసుకుని మూడు రంగుల పెన్నులు పెట్టుకోండి: మనుషుల నోట విన్నది నీలం, పుస్తకంలో చదివింది ఎరుపు, రాతి మీద ఉన్నది ఆకుపచ్చ. చిన్నపిల్లల పనిలా ఉంటుంది కానీ ఆరు నెలల తర్వాత "ఈ మాట అవ్వ చెప్పిందా, పుస్తకంలో చూశానా" అని జుట్టు పీక్కునే బాధ తప్పుతుంది. ప్రతి ముక్క పక్కన తేదీ, ఊరు, చెప్పినవాళ్లు ఆ కథ ఎవరి దగ్గర విన్నారో తప్పకుండా రాయండి.

వినడం, నోరు మూసుకుని

లైబ్రరీకి ముందు మనుషుల దగ్గరికి పోండి. పుస్తకాలు ఎక్కడికీ పోవు, ముసలివాళ్లు పోతారు.

మన ఉత్తర తెలంగాణకు ఉన్న అదృష్టం ఏమిటంటే కథ చెప్పడమే పనిగా ఉన్న కళాకారులు ఇంకా ఉన్నారు. మల్లన్న, బీరప్ప కథలకు ఒగ్గువాళ్లు. గొల్లలకు మందెచ్చులవాళ్లు. మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలివాళ్లు. పద్మశాలీలకు పటం విప్పి కథ చెప్పే కూనపులివాళ్లు, ఆ పటాలు వేసేది చేర్యాల నకాశీ చిత్రకారులు. మీ గుడి దేవునికి ఏ కులం వాళ్లు కథ చెప్తారో కనుక్కుంటే సగం పని అయినట్టే, ఎందుకంటే కథ ఎవరికోసం నిలబడిందో అక్కడే తెలిసిపోతుంది.

ఇక నా తప్పులు. మొదటిసారి రాత్రంతా ఒగ్గు కథ రికార్డ్ చేశాను, ఫోన్ తీసుకెళ్లి డోలు పక్కనే పెట్టాను. తెల్లారి వింటే ఐదు గంటల డోలు, మధ్యమధ్య ఎవరో నవ్వుతున్న చప్పుడు, కథ ఒక్క ముక్క లేదు. కాబట్టి ఫోన్ డోలుకు దూరంగా, కథకుడి నోటికి ఎదురుగా పెట్టండి, అంతకుముందే అడిగి ఒప్పించుకోండి. మెమరీ ఖాళీ చేసుకోండి. పవర్ బ్యాంక్ మరిచిపోకండి.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఒక ముసలాయన దగ్గర కూర్చుని, "తాతా, మల్లన్న శివుని అవతారమే కదా?" అన్నాను. "అవు బిడ్డా, అంతే గద" అన్నాడు. కథ అయిపోయింది. నేనే జవాబు నోట్లో పెట్టి అప్పజెప్పించుకున్నాను. మళ్లీ నెలకు వెళ్లి, "మల్లన్న ఎట్ల పుట్టిండు తాతా?" అని మాత్రం అడిగి ఊరుకుంటే రెండు గంటలు చెప్పాడు. ఆదిరెడ్డి, నీలమ్మలకు పిల్లాడు, అన్నదమ్ములతో పొత్తు కుదరక అడవిని పట్టడం, బలిజల ఆడబిడ్డ మేడలమ్మతో పెళ్లి, గొల్లల ఆడబిడ్డ కేతమ్మతో ఇంకో పెళ్లి. శివుని పేరు మొదట్లో, చివర్లో వచ్చింది, నడిమిట్ల అంతా ఎడ్లు, గొర్లు, వదినల పోట్లాట. "కదా" అన్న మాట మీ ప్రశ్నల్లోంచి తీసేయండి.

ఒకే కథను కనీసం ముగ్గురి దగ్గర వినండి. ముగ్గురూ ఒకేలా చెప్పిన చోట కథకు ఎముక ఉన్నట్టు. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పిన చోట ఎవరి అవసరమో కలిసి ఉంటుంది, అక్కడ ఆగి గీత గీసుకోండి. ఆడవాళ్ల దగ్గర కూడా అడగండి. మా ఇంట్లో మగవాళ్లకు జాతర తెలుసు, కథ మాత్రం మా పెద్దమ్మకే తెలుసు.

"పురాణంలో ఉంది" అన్న మాటను పట్టుకోవడం

సత్యనారాయణ వ్రతంలో కూర్చున్న ప్రతివాళ్లకూ "ఇతి శ్రీ స్కాందపురాణే రేవాఖండే" అన్న మాట చెవిలో ఉంటుంది. అధ్యాయం చివర వచ్చే ఆ ముగింపు వాక్యమే మీకు అడ్రస్. స్థలపురాణం పుస్తకం కొనగానే ముందు చివరి పేజీ చూడండి, ఏ పురాణం, ఏ ఖండం అని చెప్పుకుంటుందో రాసుకోండి, తర్వాత అసలు పురాణం తెరిచి అది నిజంగా అక్కడ ఉందో లేదో చూడండి. చాలాసార్లు ఉండదు. కంగారు పడకండి, మోసం అనీ అనుకోకండి. స్కాందపురాణం మన దేశంలో ఎన్నో క్షేత్రాలకు పుట్టిల్లు లాంటిది, ప్రతి గుడీ తన మహాత్మ్యాన్ని తెచ్చి దానికి చేర్చింది. అచ్చులో ఏడు ఖండాలుగా దొరికే స్కాందం ఒకటి, నేపాల్‌లో దొరికిన క్రీ.శ. 810 నాటి తాళపత్ర ప్రతిలో ఉన్న స్కాందం ఇంకొకటి, రెండూ వేరు వేరు గ్రంథాలు. కాబట్టి "స్కాందంలో ఉంది" అంటే "ఏ స్కాందంలో" అని అడగడం మీ హక్కు.

పేర్లు కూడా మోసం చేస్తాయి. వరంగల్ కొత్తవాడ మగ్గాల దగ్గర పద్మశాలీలు తమ మూలపురుషుడి గురించి "మా భావనారుషి కథ మార్కండేయ పురాణంలో ఉంది" అంటారు. మీరు పోయి సంస్కృత మార్కండేయ పురాణం కొంటే అందులో దేవీ మాహాత్మ్యం, అంటే మన సప్తశతి, దొరుకుతుంది, మగ్గం దొరకదు. ఎందుకంటే వాళ్లు చెప్పేది కూనపులివాళ్లు పటం మీద చెప్పే కులపురాణం, పేరు ఒకటే, గ్రంథం వేరు. ఈ సంగతి తెలియక నేను ఒక వేసవి సెలవు మొత్తం తగలేశాను.

రామాయణ భారతాలకైతే పని తేలిక. పుణె భండార్కర్ సంస్థ 1919లో మొదలుపెట్టి 1966 దాకా, వెయ్యికి పైగా రాతప్రతులు పోల్చి భారతానికి పరిష్కృత ప్రతి తెచ్చింది, వాల్మీకి రామాయణానికి బరోడాలో అదే పని 1975కు అయింది. ఎక్కువ ప్రతుల్లో లేని శ్లోకాలను తీసి కింద నోట్సులో పెట్టారు. మీ కథ పైన ఉందా, కింద నోట్సులో ఉందా, రెండింటా లేదా అని చూసుకోవచ్చు. లక్ష్మణరేఖ, వారధి కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడుత, రెండూ వాల్మీకిలో ఉండవు. తెలుగువాళ్లకు అవి రంగనాథ రామాయణంలో దొరుకుతాయి. అంటే మన అమ్మమ్మలు చెప్పింది వాల్మీకి రామాయణం కాదు, గోన బుద్ధారెడ్డి రామాయణం. ఇది తెలిసిన రోజు నాకైతే సంతోషమే వేసింది.

పుస్తకాలు ఎక్కడ అంటే, హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్ర భాషానిలయానికి ఒక్కసారైనా పోండి. జానపద కథల కోసం తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ల జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది. తాళపత్రాల దాకా పోతే హైదరాబాద్‌లోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం. పాత అచ్చు పుస్తకాలు చాలావరకు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగానే ఉన్నాయి, కాకపోతే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాలుగా రాస్తారు, నాలుగు స్పెల్లింగులు మార్చి వెతకండి.

రాయి ఏం చెప్తుంది

కాకతీయుల గడ్డ మీద ఉండి శాసనాలు చూడకపోతే తప్పు. మీ గుడి శాసనాన్ని ఎవరో ఒకరు ఇప్పటికే చదివి అచ్చు వేసి ఉండవచ్చు. వరంగల్ జిల్లా శాసనాల సంపుటి 1974లో వచ్చింది, కరీంనగర్‌కూ వేరే సంపుటి ఉంది. ముందు అందులో ఊరి పేరు చూసుకుని తర్వాత గుడికి పోండి. పొద్దున్నే లేదా సాయంత్రం పోండి, వెలుతురు పక్కవాటుగా పడితేనే అక్షరాలు లేచి కనపడతాయి. మిట్టమధ్యాహ్నం ఫోటో తీస్తే బండ తప్ప ఏమీ రాదు. సుద్ద రుద్దడం, నూనె పూయడం లాంటివి చేయకండి.

శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, అందరూ చెప్పేదే. కానీ నెల చూడండి. వేయి స్తంభాల గుడి శాసనం శక 1084, మాఘమాసం. 78 కలిపితే 1162 వస్తుంది, కానీ ఆ మాఘం వచ్చింది జనవరి మొదలయ్యాక కాబట్టి అది 1163. రామప్ప శాసనం శక 1135, చైత్రం, అక్కడ నేరుగా 1213. కొన్ని శాసనాల్లో శకమే ఉండదు, చాళుక్య విక్రమ శకం ఉంటుంది, దాని మొదటి ఏడు 1076.

రామప్పనే తీసుకోండి. శిల్పి రామప్ప పేరు మీద గుడి వచ్చిందని అందరం చెప్పుకుంటాం, టూరిస్టులకు గర్వంగా కూడా చెప్తాం. శాసనం తెరిస్తే గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించినట్టు ఉంది. శిల్పి కథ నోటి దారిలో వచ్చింది, కాబట్టి నా నోట్‌బుక్‌లో అది నీలం రంగు. అంతమాత్రాన కథ కొట్టేయకండి. శాసనం రాయించింది డబ్బు పెట్టినవాడు, దానిలో కూలివాని పేరు, శిల్పి పేరు ఉండాలని లేదు. రాయి మీద లేదు అంటే రాయించినవాడికి అవసరం లేదు అని మాత్రమే.

హనుమకొండ పద్మాక్షి గుట్ట ఇంకా రుచిగా ఉంటుంది. సద్దుల బతుకమ్మ నాడు ఊరంతా చేరే చోటు అది. గుడి దగ్గరి నల్లరాతి స్తంభం మీద కన్నడ శాసనం, విక్రమ శకం 42, అంటే 1117: రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ అక్కడ కడలాలయ బసది కట్టించింది. బసది అంటే జైనుల గుడి. గుట్ట రాతి మీద తీర్థంకరుల చెక్కడాలు ఇప్పటికీ ఉన్నాయి. అటు కరీంనగర్ వైపు కురిక్యాల బొమ్మలమ్మ గుట్ట కూడా అంతే, బండ మీద జైన చక్రేశ్వరి, పక్కన కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనంలో మూడు తెలుగు కంద పద్యాలు, పదో శతాబ్దానివి. దేవత మారిందా, పేరే మారిందా, మొక్కేవాళ్లు మారారా అన్నది చూసుకుంటూ పోతే ఒక్క గుట్ట మీదే ఏడాది గడిచిపోతుంది. ఈ సంగతి గుడి మెట్ల మీద గట్టిగా మాట్లాడకండి, బోనం ఎత్తుకుని వచ్చిన ఆడబిడ్డకు మీ పరిశోధనతో పనిలేదు.

పొరుగు రాష్ట్రం దాకా పోండి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, నేనూ రెండేళ్లు ఆగిపోయాను. మా మల్లన్న మా మల్లన్నే అనుకున్నాను. ఒకసారి మహారాష్ట్ర వెళ్లినప్పుడు జేజురిలో ఖండోబా గుడి ఎక్కాను. మెట్ల నిండా పసుపు. అడిగితే "భండారా" అన్నారు. మన బండారి! కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఖండోబాకు ఇద్దరు ముఖ్య భార్యలు, మ్హాళసా వ్యాపారులైన లింగాయతుల ఆడబిడ్డ, బాణాయి గొర్లు కాచే ధనగరుల ఆడబిడ్డ. మనకు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. కర్ణాటకలో ఇదే దేవుడు మైలారలింగ. ఐనవోలు దేవుణ్ణి కూడా పాతకాలం నుంచి మైలారదేవుడనే అంటారు. దాదాపు ఆరువందల ఏళ్ల నాటి క్రీడాభిరామం అనే తెలుగు రచనలో ఓరుగల్లు వీధుల వర్ణన వస్తుంది, అందులో మైలారదేవుని వీరభటులు నిప్పుల గుండాల్లో దిగుతుంటారు. కొమురవెల్లిలో అగ్నిగుండాలు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మా మేనల్లుడికి సగం జవాబు ఇక్కడ దొరికింది. ఇద్దరు భార్యలంటే ఇద్దరు మనుషులే కాదు, ఊళ్లో సరుకు అమ్మే కులం, అడవిలో మంద కాచే కులం, రెండూ ఆ దేవునికి అత్తగారిళ్లు అయ్యాయి, అందుకే రెండు వైపుల వాళ్లూ జాతరకు వస్తారు. ఇది నా ఊహ, మూడు రాష్ట్రాల కథలు పక్కపక్కన పెట్టుకుని చేసిన ఊహ, కాబట్టి నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాశాను. పెన్సిల్ కూడా పెట్టుకోండి. మరాఠీ వైపు మల్లారి మాహాత్మ్యం అని ఒక గ్రంథం ఉంది, మణి, మల్ల అనే రాక్షసులను చంపిన కథ, అది బ్రహ్మాండపురాణం క్షేత్రఖండంలోది అని చెప్పుకుంటుంది. ముగింపు వాక్యం గురించి పైన చెప్పాను, ఇక మీరే చూసుకోండి.

పోలిక దొరకగానే "అక్కడి నుంచే ఇక్కడికి వచ్చింది" అని తీర్పు ఇవ్వకండి. గొర్ల మందలు ఎండాకాలం ఏ దారిన పోయాయో కథలు కూడా ఆ దారినే పోతాయి, రెండు వైపులా.

ఫార్వర్డ్‌ల సంగతి

బతుకమ్మ వచ్చిందంటే ఒక మెసేజ్ తిరుగుతుంది: చోళులు వేములవాడ లింగాన్ని తంజావూరుకు ఎత్తుకుపోయారు, వేములవాడలో మిగిలిన పార్వతి, అంటే బృహదమ్మే, బతుకమ్మ అయింది అని, సంవత్సరంతో సహా. అట్లాంటిది వస్తే మూడే ప్రశ్నలు: ఏ శాసనం, ఏ ఊళ్లో, ఎవరు చదివారు? మా గ్రూపులో అడిగితే పంపినాయన దండం పెట్టే బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. పేర్లు ఒకేలా వినపడటం సాక్ష్యం కాదు. బాసరకు వ్యాసుని పేరు, తెలుగుకు త్రిలింగం, ఇవన్నీ చెవికి ఇంపుగానే ఉంటాయి. కాళేశ్వరం, శ్రీశైలం, ద్రాక్షారామం కలిపి త్రిలింగ దేశం అన్న మాట ప్రతాపరుద్రుని ఆస్థానంలోని విద్యానాథుని దగ్గర ఉంది. ఏడు వందల ఏళ్ల నాటి మాట అని చెప్పడానికి అది చాలు, తెలుగు అన్న మాట అట్లాగే పుట్టిందని చెప్పడానికి చాలదు.

కథ ఎవరిదో వాళ్లను అడగండి

మేడారం విషయంలో ఇది మరీ ముఖ్యం. సమ్మక్క సారలమ్మలు కోయల ఇలవేల్పులు, పూజారులు కోయలు, అక్కడ విగ్రహం ఉండదు, చిలుకలగుట్ట నుంచి కుంకుమ భరిణె వస్తుంది. కోయల్లో కథలు పాడే డోలీవాళ్లు పడిగె, అంటే బొమ్మల గుడ్డ జెండా, పట్టుకుని పాడే కథ ఉంది. క్యాలెండర్ల మీద, క్యాసెట్లలో వచ్చిన కథ వేరే దారిన పెరిగింది. రెండూ రాసుకోండి కానీ కలపకండి. కొన్ని పూజలు బయటివాళ్లు చూడకూడదు, ఫోటో వద్దంటే ఫోన్ జేబులో పెట్టండి, "రీసెర్చ్ అన్నా" అని బతిమిలాడకండి.

చివరికి మీరు రాసింది ఏదైనా, రెండు పేజీలైనా సరే, అచ్చు తీయించి మీకు కథ చెప్పినవాళ్ల దగ్గరికి తీసుకుపోయి చదివి వినిపించండి. నేను మల్లన్న పుట్టుక చెప్పిన ఆ తాతకు చదివి వినిపించాను. జేజురి సంగతి, శాసనం సంగతి, క్రీడాభిరామం సంగతి అన్నీ కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక, "అంత మంచిగనే రాసినవ్ గని, కేతమ్మ మందల గొర్లు ఎన్నో రాయకపోతివి, గది లేకుంటే కథ నడవది" అన్నాడు. ఎన్ని తాతా అంటే, "చాయ్ తాగినంక చెప్త" అన్నాడు. నీలం పెన్ను తీసుకుని కూర్చున్నాను.